మాన్యువల్ ఫోకస్ ఫాస్ట్ లెన్స్: 35 ఎఫ్/1.4 చాలా, 50 ఎఫ్/1.2 కావాలా, 0.95 దాకా పోవాలా?

ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం పగలు జరగదు, రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. దేవరగట్టులో దసరా బన్ని, అదే కర్రల సమరం, అర్ధరాత్రి కాగడాల మధ్య సాగుతుంది. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగలో అగ్నిగుండం ఎర్రటి వెలుగే వెలుగు. నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు తెర వెనక దీపమే ఆధారం. రాయలసీమలో కెమెరా పట్టినవాడికి నచ్చే దృశ్యాలు చాలావరకు పొద్దు గూకాకే మొదలవుతాయి. చేతిలో ఉన్నది మాత్రం కెమెరాతో పాటు వచ్చిన 16-50 కిట్ లెన్స్. 50 ఎం.ఎం. దగ్గరికి జూమ్ చేస్తే అది ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది, అలాంటిదాన్నే ఫాస్ట్ అంటారు. ఎఫ్/1.4 లెన్స్ అంతకు 16 రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే తీరు, పెంచేకొద్దీ ఫొటోలో గరుకు పెరుగుతుంది) 12800 పెట్టాల్సిన చోట 800తో సరిపోతుంది.

ఈ లెక్క తెలిశాక ఎవరైనా ఫాస్ట్ ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కోసం వెతుకుతారు. ఆటోఫోకస్ ఎఫ్/1.4 ధరలు చూసి గుండె జారుతుంది. ఆ పక్కనే ఎఫ్/1.4, ఎఫ్/1.2, చివరికి ఎఫ్/0.95 కూడా నాలుగో వంతు ధరకో, ఇంకా తక్కువకో కనిపిస్తాయి. షరతు ఒక్కటే, ఫోకస్ మన చేత్తో తిప్పుకోవాలి. అక్కడ మొదలవుతుంది తికమక.

నేను ఆ తికమకలో పడి మొదట కొన్నది 50 ఎఫ్/0.95, సెకండ్‌హ్యాండ్‌లో. కడపలో ఒక ఫంక్షన్ హాల్లో మా చెల్లెలి వరస అమ్మాయి నిశ్చితార్థానికి దాన్నే పట్టుకుపోయాను. రెండు వందల పైచిలుకు ఫొటోల్లో కన్ను షార్ప్‌గా వచ్చినవి పదకొండు. మా చిన్నాయన లాప్‌టాప్‌లో ఒకటి పెద్దది చేసి చూసి, "చెవి కమ్మ బలే వచ్చిందబ్బీ. పిల్ల యాడుంది?" అన్నాడు. ఆయన ముప్పై ఏళ్లు స్టూడియో నడిపిన మనిషి. పెంటాక్స్ కె1000 మీద, ఆటోఫోకస్ అనే మాటే లేని రోజుల్లో వందల పెళ్లిళ్లు తీశాడు.

"మరి నువ్వు ఎట్ల తీస్తాంటివి చిన్నాయనా?" అంటే ఆయన చెప్పింది చాలా సాదా సంగతి. ఫ్లాష్ పెట్టి ఎఫ్/8లో తీసేవాడట. 50 ఎం.ఎం. లెన్స్‌ని 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేసి ఎఫ్/8లో పెడితే సుమారు 2.3 మీటర్ల నుంచి 4.2 మీటర్ల దాకా అంతా షార్ప్‌గానే వస్తుంది. పెళ్లికొడుకు ఒక అడుగు ముందుకొచ్చినా ఏమీ కాదు. "పాతకాలంలో అందరూ మాన్యువల్‌లోనే తీశారు, మనకేం కష్టం" అనే మాట మీరూ వినే ఉంటారు. వాళ్లు చేత్తో తిప్పింది నిజమే గానీ, ఎఫ్/1.2లో పెట్టి తిప్పలేదు.

అందుకని ఈ పోలికలో ఎఫ్ పక్కన ఉన్న అంకెను ముందు పెట్టను. మీరు తీసే దూరంలో, మీరు తీసే మనిషి కదిలే తీరులో, మీ చేయి ఎంత సన్నటి ఫోకస్‌ను పట్టుకోగలదన్నది ముందు చూద్దాం. లెన్స్ ఏదన్నది దాన్నిబట్టి తేలుతుంది.

ముందు ఫోకస్ మందం

కింది లెక్కలు నేను మామూలు సూత్రంతో వేసినవి. లెన్స్‌ని పూర్తిగా తెరిచినప్పుడు ముందూ వెనకా కలిపి ఎంత మందం షార్ప్‌గా ఉంటుందో ఇవి చెబుతాయి. ఫుల్ ఫ్రేమ్ అంటే పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్, ఏపీఎస్-సీ అంటే అంతకంటే చిన్నది.

| లెన్స్ | సెన్సర్ | 1 మీటరు దూరంలో | 2 మీటర్ల దూరంలో |
|---|---|---|---|
| 35 ఎఫ్/1.4 | ఏపీఎస్-సీ | 4.4 సెం.మీ. | 18 సెం.మీ. |
| 35 ఎఫ్/1.2 | ఏపీఎస్-సీ | 3.8 సెం.మీ. | 15 సెం.మీ. |
| పాత 50 ఎఫ్/2 | ఏపీఎస్-సీ | 3 సెం.మీ. | 12.5 సెం.మీ. |
| హీలియోస్ 58 ఎఫ్/2 | ఏపీఎస్-సీ | 2.2 సెం.మీ. | 9 సెం.మీ. |
| 50 ఎఫ్/1.2 | ఏపీఎస్-సీ | 1.8 సెం.మీ. | 7.5 సెం.మీ. |
| 40 ఎఫ్/1.2 | ఫుల్ ఫ్రేమ్ | 4.3 సెం.మీ. | 18 సెం.మీ. |
| 50 ఎఫ్/0.95 | ఫుల్ ఫ్రేమ్ | 2.2 సెం.మీ. | 9 సెం.మీ. |

మనిషి ఊరికే నిలబడి మాట్లాడుతున్నా తల రెండు మూడు సెంటీమీటర్లు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. కెమెరా పట్టుకున్న మీరూ ఊగుతారు. 18 సెంటీమీటర్ల మందంలో ఈ ఊపు కలిసిపోతుంది. ఏడున్నరలో సగం కంటికి ముందు, సగం వెనక పోతే మిగిలేది మూడున్నర చిల్లర, అక్కడ ఈ ఊపే ఫొటోను చెడగొడుతుంది. ఒక్క మీటరు దూరంలో రెండు సెంటీమీటర్లంటే అదృష్టం మీద ఆధారపడటమే.

టేబుల్లో ఒక విచిత్రం గమనించండి. ఏపీఎస్-సీ మీద 50 ఎఫ్/1.2 మందం ఫుల్ ఫ్రేమ్ 0.95 కంటే కూడా సన్నంగా కనిపిస్తోంది. అది దూరం ఒకటే పెట్టి చూసినందువల్ల వచ్చిన తేడా. ఏపీఎస్-సీలో 50 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 75 చూపించినంత ఇరుకుగా చూపిస్తుంది కాబట్టి మీరే వెనక్కి జరుగుతారు, అప్పుడు మందం పెరుగుతుంది. ఫుల్ ఫ్రేమ్‌వాళ్లు అదే ఫ్రేమ్ కోసం ఇంకా దగ్గరికి పోతారు, అక్కడ 0.95 తన అసలు రూపం చూపిస్తుంది.

వెలుతురు లెక్కా చూడాలి. ఎఫ్/1.4 నుంచి ఎఫ్/1.2కి పోతే దొరికేది అర స్టాప్ మాత్రమే (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్), అంటే ఐఎస్ఓ 3200 బదులు సుమారు 2300. ఎఫ్/0.95కి పోతే ఒక స్టాప్ పైన కొంచెం, 3200 కాస్తా 1500 అవుతుంది. ఈ తేడాలన్నీ ఇప్పటి సెన్సర్లకు లెక్కలోకి రావు. కిట్ లెన్స్ నుంచి ఎఫ్/1.4కి దూకడమే పెద్ద దూకుడు, ఆ తర్వాత కట్టే డబ్బు వెలుతురుకు కాదు, బ్లర్‌కు.

కెమెరా బాడీ ఏం సాయం చేస్తుంది

లెన్స్ కంటే ముందు మీ బాడీలో వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ఉందో లేదో చూసుకోండి. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30ల్లో అది లేదు. యూట్యూబ్ కోసం మన దగ్గర చాలామంది ఇవే కొన్నారు. ఏప్రిల్ ఎండలో కొండారెడ్డి బురుజు ముందు నిలబడి వెనక స్క్రీన్ చూస్తూ ఎఫ్/1.4లో ఫోకస్ తిప్పండి చూద్దాం, మీ ముఖమే అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. ఈ బాడీలున్నవాళ్లు మాన్యువల్ లెన్స్‌ను ఇంటి లోపల, సాయంత్రం, ట్రైపాడ్ మీద వాడుకోవడానికే అయితే కొనండి. సోనీ ఏ6400, నికాన్ జెడ్50, కెనాన్ ఆర్50ల్లో వ్యూఫైండర్ ఉంది కాబట్టి కంటికి ఆనించుకుని తిప్పవచ్చు. ఆనించుకుంటే ఊపు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు చెప్పిన ఐదింటిలోనూ బాడీ స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సర్దే సదుపాయం, లేదు. మాన్యువల్ లెన్స్‌ల్లో ఎలాగూ ఉండదు. కాబట్టి 50తో షట్టర్ 1/100 కంటే కిందికి దించకండి. సోనీ ఏ6700, ఫుజీ ఎక్స్-ఎస్20, ఏ7 రెండో తరం నుంచి వచ్చిన బాడీల లాంటి స్టెబిలైజేషన్ ఉన్నవాటిలో అయితే లెన్స్ ఎన్ని ఎం.ఎం. అన్నది మెనూలో మీరే రాయాలి. లెన్స్‌కు కెమెరాతో మాట్లాడే కరెంటు కాంటాక్ట్‌లు లేవు కాబట్టి కెమెరాకు ఆ సంగతి తెలియదు.

ఫోకస్ పీకింగ్ అని ఎర్రగానో పసుపుగానో అంచులు మెరిసే సదుపాయం గురించి అందరూ గొప్పగా చెబుతారు. ఎఫ్/4లో అది నమ్మదగ్గదే. ఎఫ్/1.2లో మాత్రం కన్ను, రెప్ప, కనుబొమ్మ మూడూ ఒకేసారి మెరుస్తాయి, ఫోకస్ ఉన్నది మూడింటిలో ఒక్కదాని మీదే. ఫాస్ట్ లెన్స్‌కు నమ్మాల్సింది మాగ్నిఫై బటన్. ఒక బటన్‌కు దాన్ని కేటాయించుకోండి. నొక్కి, కంటిని పెద్దది చేసి, తిప్పి, వెంటనే తీయాలి. ఈ నాలుగు పనులకు పట్టే సమయంలో మనిషి కదలకుండా ఉంటాడా లేదా అన్నదే మాన్యువల్ లెన్స్ మీకు పనికొస్తుందో లేదో చెప్పే పరీక్ష.

మన ఎండతో తంటా

ఫాస్ట్ లెన్స్ కొన్నవాళ్లు మొదటి ఆదివారమే గండికోటకు పోతారు. మిట్టమధ్యాహ్నం ఎఫ్/1.2లో పెట్టి నొక్కితే ఫొటో తెల్లగా మాడిపోతుంది. నిండు ఎండలో ఐఎస్ఓ 100తో ఎఫ్/16కు 1/100 షట్టర్ అనేది పాత లెక్క. దాన్నే ఎఫ్/1.2కు మార్చితే 1/18000 దగ్గర తేలుతుంది. చాలా బాడీల్లో మెకానికల్ షట్టర్ 1/4000తో ఆగిపోతుంది. ఎఫ్/2 కూడా 1/6400 అడుగుతుంది. అందుకని పగలు తీసే ఉద్దేశం ఉంటే లెన్స్ ధరలో ఒక ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుతురును తగ్గించే నల్లద్దం) కలుపుకోండి. మూడు స్టాప్‌లు మింగుతుంది, 1/18000 కాస్తా 1/2000 చిల్లరకు దిగుతుంది. అసలు పెన్నా లోయను తీయడానికి ఎఫ్/8 కావాలి. అక్కడికి కిట్ లెన్స్ తీసుకుపోయినా ఎవరూ నవ్వరు.

ఇక ఒక్కొక్కటి

35 ఎఫ్/1.4 (ఏపీఎస్-సీ). టీటీఆర్టిజాన్ 35 ఎఫ్/1.4ను ఉదాహరణగా తీసుకుందాం. బయట దేశాల్లో వంద డాలర్ల లోపు ధరతో వచ్చింది. ఇక్కడికొచ్చేసరికి సుంకం, అమ్మేవాడి లాభం కలుస్తాయి, అయినా ఈ జాబితాలో కొత్తగా దొరికేవాటిలో చవకైనవాటి వరసలోనే ఉంటుంది. ఒళ్లంతా లోహం, బరువు 200 గ్రాముల లోపు, 28 సెంటీమీటర్ల దగ్గరికి ఫోకస్ అవుతుంది, ఫిల్టర్ 39 ఎం.ఎం. ఈ సైజు ఫిల్టర్ కడపలో ఏ షాపులోనూ చేతికి దొరకలేదు నాకు, తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఏపీఎస్-సీ మీద ఇది కన్ను చూసినంత వెడల్పే చూపిస్తుంది. ఏడు రోడ్ల కూడలిలో టీ బండి దగ్గర, ఆవిరి లేస్తున్న గిన్నె, బండి మీది బల్బు, టీ పోసే చేయి మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. రెండు మీటర్ల దూరంలో 18 సెంటీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి పదింటిలో ఆరేడు సరిగ్గా వస్తాయి. పూర్తిగా తెరిచినప్పుడు మూలలు మెత్తగా ఉంటాయి, సీరియల్ సెట్ లైట్ల చుట్టూ ఊదా అంచు కనిపిస్తుంది. ఎఫ్/2.8కి వచ్చేసరికి రెండూ సర్దుకుంటాయి. రాత్రి వీధి ఫొటోలో ఆ మెత్తదనం లోపమని నాకెప్పుడూ అనిపించలేదు.

సెవెన్ ఆర్టిజాన్స్‌వాళ్ల 35 ఎఫ్/1.2 కూడా ఇదే తూకంలో ఉంటుంది. అపర్చర్ రింగ్‌కు (ఎఫ్ మార్చే రింగ్) క్లిక్‌లు ఉండవు, మెత్తగా జారుతుంది. వీడియో తీసేవాళ్లకు అది వరం. ఫొటోలు తీసేవాళ్లకు మాత్రం బ్యాగులోంచి తీసేసరికి ఎఫ్/1.2 కాస్తా ఎఫ్/3కి జరిగి ఉంటుంది, ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

50 ఎఫ్/1.2 (ఏపీఎస్-సీ). ముఖాల కోసం. టీటీఆర్టిజాన్‌దే మళ్లీ ఉదాహరణ. ఇదీ దాదాపు అదే ధర వరసలో వచ్చింది, 52 ఎం.ఎం. ఫిల్టర్, అర మీటరు కంటే దగ్గరికి పోదు. బ్లర్ చాలా బాగుంటుంది, వెనక దీపాలన్నీ గుండ్రంగా ఉబ్బి కనిపిస్తాయి. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడి ముఖాన్ని, కిటికీలోంచి పడే వెలుగులో తీయాలంటే ఈ లెన్స్ కంటే చవకగా ఆ అందం రాదు. నేతగాడి చేతులు ఆడుతుంటాయి గానీ తల పెద్దగా కదలదు, ఫోకస్ పెట్టుకోవడానికి సమయం దొరుకుతుంది.

చంటిపిల్లల మీద మాత్రం ప్రయత్నించకండి. మా అన్న కూతురు రెండేళ్లది, ఈ లెన్స్‌తో దాన్ని ఒక్కసారి కూడా పట్టలేకపోయాను. ఎఫ్/2.8కి దించితే పట్టవచ్చు, కానీ ఎఫ్/2.8లో వాడటానికి ఎఫ్/1.2 ఎందుకు కొన్నట్టు?

పాత 50, ఒక అడాప్టర్. నాకు మనసుకు దగ్గరైనది ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం పక్షపాతంతో రాస్తున్నానని ముందే చెబుతున్నా.

మిర్రర్‌లెస్ కెమెరాలో అద్దం లేదు కాబట్టి మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) నుంచి సెన్సర్ దాకా దూరం తక్కువ. సోనీ ఈ-మౌంట్‌కు 18 ఎం.ఎం., ఫుజీ ఎక్స్‌కు 17.7, నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20. పాత కెమెరాల్లో అద్దం లేవడానికి చోటు కావాలి కాబట్టి ఆ దూరం ఎక్కువ. నికాన్ ఎఫ్‌కు 46.5, పెంటాక్స్ కె, ఎం42 మర లెన్స్‌లకు 45.46, కెనాన్ ఎఫ్‌డీకి 42. ఆ తేడాను ఒక ఖాళీ గొట్టంతో పూడ్చితే చాలు, అదే అడాప్టర్. లోపల అద్దం గాజు ఏమీ ఉండదు కాబట్టి చెడటానికీ ఏమీ లేదు. అందుకే పాత లెన్స్ ఏదైనా కొత్త మిర్రర్‌లెస్ మీద కూర్చుంటుంది. రేపు సోనీ అమ్మేసి నికాన్ కొన్నా లెన్స్ మీ దగ్గరే ఉంటుంది, అడాప్టర్ ఒక్కటి మారుస్తే సరి. ఏదో ఒక మౌంట్‌కు కొన్న కొత్త మాన్యువల్ లెన్స్‌కు ఆ వెసులుబాటు అంత సులువుగా లేదు.

మూతపడ్డ స్టూడియోల అలమరాల్లో ఇవి ఇంకా ఉన్నాయి. చిన్నాయన కె1000తో పాటు వచ్చిన 50 ఎఫ్/2 ఇరవై ఏళ్లు బీరువాలో పడుకుంది. నా సోనీ మీద పెట్టి తిప్పితే రింగ్ వెన్నలా కదిలింది. ఎఫ్ అంకె చిన్నదే కావాలనుకోకపోతే ఇది చాలు, రెండు మీటర్లలో 12.5 సెంటీమీటర్ల మందం. ఫోకస్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పలక లేదు. పాత లెన్స్‌ల్లో రింగ్ ఎక్కువ తిరుగుతుంది, చిన్న చిన్న సవరణలు చేత్తో తెలుస్తాయి. అయితే పాత నికాన్, పాత కెనాన్ రింగులు ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి. రెండూ కొంటే చేతికి అయోమయం, ఒకే కంపెనీకి కట్టుబడి ఉండండి.

సోవియట్ కాలపు హీలియోస్ 44-2ను (టేబుల్లోని 58 ఎఫ్/2 ఇదే) సుడి తిరిగే బ్లర్ కోసం కొంటారు. వెనక చెట్ల ఆకులు, వెలుతురు చుక్కలు ఉంటేనే ఆ సుడి కనబడుతుంది. సాదా గోడ ముందు ఏమీ రాదు. పైగా ఏపీఎస్-సీ సెన్సర్ అంచుల్ని కత్తిరించేస్తుంది కాబట్టి సుడి సగం పోతుంది. ఏపీఎస్-సీ ఉన్నవాళ్లు దీనికోసం ఎగబడక్కర్లేదు.

కొనేటప్పుడు మోసపోయే చోటొకటి ఉంది. నికాన్ జీ రకం లెన్స్‌లకు, కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లకు అపర్చర్ రింగ్ ఉండదు. చవక గొట్టం అడాప్టర్‌తో వాటి ఎఫ్ మార్చుకోలేరు. "పాత 50 ఉంది అన్నా, తీసుకో" అని ఎవరైనా ఇస్తే ముందు రింగ్ మీద 1.8, 2, 2.8, 4 అని అంకెలున్నాయా చూడండి.

ఆ తర్వాత ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి ముందునుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. ఏడాదికి 550 ఎం.ఎం. అటూ ఇటూగా వాన పడే అనంతపురంలో పెరిగిన లెన్స్‌కు ఫంగస్ తక్కువ, చెన్నై వైపు నుంచి వచ్చినదైతే గట్టిగా చూడాలి. మన దగ్గర శత్రువు దుమ్ము. రింగ్ తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడొస్తే బండల పాలిష్ ఫ్యాక్టరీల పక్కన బతికిన లెన్స్ అనుకోవచ్చు. అపర్చర్ బ్లేడ్ల మీద నూనె మెరుపు ఉందా కూడా చూడండి. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన లెన్స్‌లో గ్రీజు కరిగి అక్కడికే పాకుతుంది.

ఎఫ్/0.95. మిటాకాన్ స్పీడ్‌మాస్టర్ 50, లావోవా ఆర్గస్ 35 ఫుల్ ఫ్రేమ్‌కు పేరున్నవి. ఒక్కొక్కటి 700 గ్రాములు దాటతాయి. టీటీఆర్టిజాన్, సెవెన్ ఆర్టిజాన్స్ ఏపీఎస్-సీకి కూడా 50 ఎఫ్/0.95 చేశాయి. నేను దీన్ని కొని, ఆరు నెలలుంచుకుని అమ్మేశాను. చెడ్డ లెన్స్ అయినందుకు కాదు. ట్రైపాడ్ మీద కెమెరా, కదలని మోడల్, తీరిగ్గా తీసే మనిషి, ఈ మూడూ ఉంటే ఆ ఫొటోలు ఇంకే లెన్స్‌తోనూ రావు. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లకు, నటుడి మార్కు నేల మీద టేపుతో వేసి, టేపు కొలతతో ఫోకస్ పెట్టుకునే ఓపిక ఉంటే ఇది మంచి పెట్టుబడే. లావోవాలో అపర్చర్ క్లిక్ తీసేసే మీట కూడా ఉంది. పండగ గుంపులోకి మాత్రం వద్దు. దేవరగట్టులో కర్రలు గాల్లో లేస్తుంటే ఎవడు మాగ్నిఫై నొక్కుతాడు?

వోయిట్‌లాండర్ నాక్టన్. జపాన్‌లో కొసీనా కంపెనీ చేసేవి. 40 ఎఫ్/1.2 ఫుల్ ఫ్రేమ్‌కు, 35 ఎఫ్/1.2 ఫుజీ ఎక్స్‌కు. మాన్యువల్ లెన్స్ అయినా వీటికి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్‌లు ఉంటాయి. సోనీ మీద రింగ్ తాకగానే దృశ్యం తనంతట తానే పెద్దదవుతుంది, స్టెబిలైజేషన్‌కు ఎం.ఎం. చెప్పనక్కర్లేదు, ఏ ఎఫ్‌లో తీశామో ఫైల్లో రాసి ఉంటుంది. వాడినవాళ్లు మళ్లీ చవకవాటి వైపు రారు. ధర మాత్రం ఆటోఫోకస్ ప్రైమ్‌తో పోటీ పడేంత ఉంటుంది. చేత్తో ఫోకస్ చేయడమే ఇష్టమని రెండేళ్లు చవక లెన్స్‌తో తేల్చుకున్నవాళ్లకే ఇది చెబుతాను.

మీరు ఎవరు, ఏం తీస్తారు

| మీ పని | నా మాట | ఎందుకు |
|---|---|---|
| కాలేజీ విద్యార్థి, వీధి, స్నేహితులు | 35 ఎఫ్/1.4 | తప్పుల్ని క్షమించే మందం |
| ముఖాలు, తీరిగ్గా | 50 ఎఫ్/1.2 | బ్లర్, దూరం |
| గుడి శిల్పాలు, కదలనివి | పాత 50 | ఎఫ్/4, ఎఫ్/5.6లో బాగా షార్ప్ |
| షార్ట్ ఫిల్మ్ | క్లిక్ లేని 35 ఎఫ్/1.2, లేదా 0.95 | మెత్తటి అపర్చర్ |
| పెళ్లిళ్లు, డబ్బుకు | మాన్యువల్ వద్దు | ముహూర్తం ఆగదు |
| చిన్నపిల్లల తల్లిదండ్రులు | మాన్యువల్ వద్దు | వాళ్లు అంతకంటే ఆగరు |

చివరి రెండు వరసల గురించి కొంచెం చెప్పాలి. జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్కసారే. ఆ క్షణానికి ముందు పెళ్లికూతురి తల మీద ఎవరి చేయి వస్తుందో, అయ్యవారు ఎటు వంగుతారో తెలియదు. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం అయితే మీ కళ్లూ సగం మూసుకుపోయి ఉంటాయి. డబ్బు తీసుకుని తీసే పనికి కెనాన్ ఆర్‌ఎఫ్ 50 ఎఫ్/1.8, నికాన్ జెడ్ 40 ఎఫ్/2 లాంటి తేలికపాటి ఆటోఫోకస్ లెన్స్‌లు ఉన్నాయి. రెండూ 200 గ్రాముల లోపే. ఎఫ్/1.2 కంటే వెలుతురు తక్కువే గానీ, కన్ను షార్ప్‌గా ఉన్న ఎఫ్/2 ఫొటోకే పెళ్లివాళ్లు డబ్బిస్తారు. మాన్యువల్ 50ను రెండో బాడీకి తగిలించుకుని, మెహందీ చేతులు, తాళిబొట్టు, ఉంగరాలు తీసుకోవచ్చు. అవి కదలవు.

పండగల్లో గుంపును తీయాలనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. 35ను ఎఫ్/2.8లో పెట్టి, మూడు మీటర్ల దగ్గర ఫోకస్ కట్టేసి, రింగ్ ముట్టుకోకండి. 2.6 మీటర్ల నుంచి 3.5 మీటర్ల దాకా షార్ప్‌గా ఉంటుంది. మనిషి ఆ జాగాలోకి వచ్చినప్పుడే నొక్కండి. గూగూడులో నేను ఇలాగే తీశాను. మూడు మీటర్లంటే ఎంతో ఇంట్లో గోడ దగ్గర టేపు పెట్టి నాలుగు రోజులు కంటికి అలవాటు చేసుకుంటే వస్తుంది.

ఏది కొన్నా మొదటిరోజు అందరూ భయపడేది ఒకటుంది. కాంటాక్ట్‌లు లేని లెన్స్ తగిలించి షట్టర్ నొక్కితే కెమెరా పలకదు, స్క్రీన్ మీద లెన్స్ లేదని చూపిస్తుంది. సోనీ, కెనాన్, ఫుజీ మెనూల్లో లెన్స్ లేకుండా షట్టర్ పనిచేయనివ్వమనే ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయాలి. లెన్స్ చెడిపోయి వచ్చిందనుకుని పార్శిల్ మళ్లీ కట్టేసి, కొరియర్ ఆఫీసు దాకా పోయిన మనిషిని నేనే. అక్కడ క్యూలో నిలబడి ఫోన్‌లో వెతికితే ఈ సంగతి తెలిసింది.